స్టూలుకు తగ్గ వెన్నెముక

మనిషి నాలుగు కాళ్ల మీద నుంచి రెండు కాళ్ల మీదకు లేచి నిలబడటానికి కొన్ని లక్షల ఏళ్లు పట్టిందని శాస్త్రజ్ఞులు తేల్చారు. అలా లేచినవాడు మళ్లీ కూర్చోవాలంటే ఎంత కాలం పట్టాలో మాత్రం ఎవరూ తేల్చలేదు. మానవ విజ్ఞానంలోని ఈ లోటును పూడ్చే భారాన్ని మా ఊళ్లోని వెన్నెముక చలన పరిశీలనా కేంద్రం తనంతట తానుగా నెత్తిన వేసుకుంది. ఆ మహత్కార్యంలో మా అక్క నడుము కూడా పాలు పంచుకుంది గనుక, జరిగింది జరిగినట్టు రాయడం తమ్ముడిగా నా ధర్మం.

మా అక్క ఒక పెద్ద దుకాణంలో బిల్లు కౌంటరు దగ్గర పని చేస్తుంది. సబ్బుల నుంచి సూట్‌కేసుల దాకా అన్నీ దొరికే చోటు. జనం తెచ్చిన సామాను ఒక్కొక్కటే ఎత్తి, ఎర్ర వెలుతురు ముందు ఆడించి, అది కూసేదాకా ఆగి, సంచిలో వెయ్యాలి. తలుపులు తెరిచింది మొదలు మూసేదాకా నిలబడే చెయ్యాలి. ఆ పనంటే అక్కకు ప్రాణం. "నా కౌంటరు", "నా క్యూ" అంటుంది, అదేదో పుట్టింటివాళ్లు రాసిచ్చినట్టు. పక్క కౌంటరు ఖాళీగా ఉన్నా సగం మంది అక్క క్యూలోనే నిలబడతారు. (మిగతా సగానికి తన సలహాలు గిట్టవు. "ఈ గొడుగు మొన్న కొన్నావిడ తిరిగిచ్చేసిందండీ" అని బిల్లు వేస్తూనే చెప్పేస్తుంది.)

కొంతకాలంగా మధ్యాహ్నం దాటేసరికి అక్కకు నడుం పట్టేస్తోంది. ఇంటికి రాగానే ముందు గదిలో నేల మీద వెల్లకిలా పడుకుని, అక్కడి నుంచే సంసారం నడుపుతుంది. పొయ్యి కట్టెయ్యమనేదీ, తలుపు వెయ్యమనేదీ, వచ్చిన చుట్టాన్ని కూర్చోమనేదీ కింద నుంచే. మొదట్లో మేం నవ్వుకునేవాళ్లం. ఒకరోజు లేవబోయి లేవలేక, బావ చెయ్యి పట్టుకుని, నవ్వుతున్న మొహం నవ్వుతున్నట్టే ఉండగా కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ తర్వాత మేమెవరం నవ్వలేదు.

ఉద్యోగం మానెయ్యమని బావ. మానేస్తే నేను మనిషిని కానని అక్క. మధ్యేమార్గంగా కనిపించింది ఒక్కటే, కౌంటరు వెనక కూర్చోవడానికి ఒక స్టూలు. స్టూలు వస్తే ఉద్యోగం ఉంటుంది, రాకపోతే ఊడుతుంది, అంతే లెక్క అని బావ తేల్చేశాడు. ఆయన ఇంట్లో పిల్లలకు లెక్కలు ట్యూషను చెబుతాడు కాబట్టి ఆయన తేల్చింది తేల్చినట్టే.

స్టూలు దుకాణంలోనే ఉంది కూడా. నీలం రంగుది, వెనక గోదాములో, ఎవరికీ అక్కర్లేకుండా పడి ఉంది. అక్క వెళ్లి మేనేజరును అడిగింది. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే పని సులువయ్యేది, తిట్టుకుని ఊరుకునేవాళ్లం.

"మేడమ్, మీ నొప్పి నేను నమ్ముతున్నాను" అన్నాడు. "కానీ నా నమ్మకాన్ని హెడ్డాఫీసు నమ్మదు. మనవాళ్లు కూర్చుంటే వచ్చినవాళ్లకీ కూర్చోవాలనిపిస్తుందట. కూర్చున్నవాళ్లు కొనరట."

"డాక్టరు గారు రాసిచ్చారండీ. ఎక్కువసేపు నిలబడొద్దన్నారు."

మేనేజరు ఆ చీటీని రెండు చేతులతో అందుకుని, ఎంతో గౌరవంగా చదివి, అంతే గౌరవంగా తిరిగి ఇచ్చేశాడు. "ఇది అభిప్రాయం మేడమ్. మాకు కొలత కావాలి. కేంద్రానికి వెళ్లి కొలిపించుకురండి, ఆ నిమిషమే స్టూలు తెప్పిస్తాను."

కేంద్రం సంగతి తెలియనివారు ఉండరు. ఉంటే వారి నడుములు ధన్యం. పూర్వం నడుం నొప్పి ఉన్నవాళ్లు "అమ్మా" అనేవారు, విన్నవాళ్లు "అయ్యో" అనేవారు, వ్యవహారం అంతటితో ముగిసేది. ఇందులో శాస్త్రం లేదని పెద్దలు గుర్తించారు. ఇప్పుడు మనిషిని నిలబెట్టి ఒకటి, ముందుకు ఒంగోబెట్టి ఒకటి, వెనక్కి వంచి ఒకటి, ఎక్స్‌రే బొమ్మలు తీస్తారు. బొమ్మలో కనబడే ప్రతి వెన్నుపూసకూ నాలుగు మూలల్లో నాలుగు చుక్కలు పెడతారు. చుక్కల్ని గీతలతో కలుపుతారు. గీతకూ గీతకూ మధ్య కోణం కొలుస్తారు. మనిషి ఒంగినప్పుడు ఏ పూస ఎంత కదిలింది, ఏది మొరాయించింది అన్నది 'నిటారు' అనే కంప్యూటరు ప్రోగ్రాము తేల్చి చెబుతుంది. పిల్లల పుస్తకాల్లో చుక్కలు కలిపితే బాతు వస్తుంది. ఇక్కడ చుక్కలు కలిపితే స్టూలు రావాలి.

చుక్కలు పెట్టే విభాగం కింది అంతస్తులో ఉంది, గీతలు గీసే విభాగం పై అంతస్తులో. రెండింటికీ పడదు. (ఆ మధ్య చుక్కలవాళ్లు ఒకాయన చొక్కా గుండీకి కూడా, అది గుండ్రంగా ఉన్నా లెక్కచెయ్యకుండా, నాలుగు మూలలు వెతికి చుక్కలు పెట్టి పైకి పంపారు. గీతలవాళ్లు కిమ్మనకుండా గీశారు. ఆయనకు అందరికంటే ఒక వెన్నుపూస ఎక్కువని తేలింది. ఆయన ఇప్పటికీ వీధిలో ఆ దర్జాతోనే నడుస్తాడు.)

అక్కను తీసుకుని నేనే వెళ్లాను. హాలు పెద్దది, గాలీ వెలుతురూ బాగా ఉన్నాయి. కుర్చీలు లేవు. పరీక్షకు ముందు కూర్చుంటే వెన్నెముక సహజ స్థితి చెడుతుందని గోడ మీద రాసి ఉంది. అందుచేత ఊళ్లో నడుం నొప్పి ఉన్నవాళ్లందరూ ఆ హాల్లో నిలబడి ఉన్నారు. గోడకు ఆనుకోకూడదు, గోడ ఆకారం వెన్నుకు వస్తుందట.

తోడు వచ్చినవాళ్లకు మాత్రం అద్దాల అవతల మెత్తటి కుర్చీలు వేశారు. మేము కూర్చుని తీరాలి. నిలబడితే పరీక్షకు వచ్చినవాళ్లతో కలిసిపోతామని, ఒకసారి అలాగే ఎవరికో తోడు వచ్చిన అల్లుణ్ణి పట్టుకుని ఎక్స్‌రే తీసేశారని కావలి మనిషి చెప్పాడు. నా వెన్నెముకకు ఏ లోపమూ లేదు. అందుకని నేను దిండు కుర్చీలో కూర్చున్నాను.

అక్క అద్దం దగ్గరకు వచ్చి నిలబడింది. "హాయిగా ఉందా?"

"పర్లేదక్కా."

"వాలు, వాలు. వెనక్కి కూడా వాలుతుందేమో చూడు."

చూశాను. వాలుతుంది.

అక్క వెనకాల ఒక పెద్దాయన బాగా ఒంగిపోయి, నేల వైపు చూస్తూ నిలబడ్డాడు. "మీ వంతు వచ్చేదాకా నిలబడగలరా బాబాయ్ గారూ?" అని అక్క అడిగింది. "ఎంత ఆలస్యమైతే అంత మంచిదమ్మా. ఇంకాస్త ఒంగుతాను, బొమ్మ బాగా వస్తుంది" అన్నాడాయన. ఆయనకు వ్యవస్థ అర్థమైంది. మాకు అప్పటికింకా కాలేదు.

లోపల బొమ్మలు తీసే ఆయన్ని అందరూ పిక్చరాయన అంటారు. సీసం నింపిన బరువైన ఆప్రాను కట్టుకుని, ఒక చెయ్యి నడుం మీద వేసుకుని ఉన్నాడు. తలుపు సందులోంచి నాకు మాటలన్నీ వినబడ్డాయి.

"నిటారుగా, సహజంగా నిలబడండమ్మా."

"రెండిట్లో ఏదండీ?" అంది అక్క.

"రెండూ."

"నేను సహజంగా నిలబడితే నిటారుగా ఉండదండీ. అందుకేగా వచ్చింది."

"అయితే నిటారుగా నిలబడి, అదే సహజమనుకోండి. ఆ, అంతే. ఊపిరి బిగబట్టండి. ఇప్పుడు ముందుకి ఒంగండి."

అక్క ఒంగింది. చేతులు మోకాళ్ల దాకా కూడా వెళ్లలేదు. "అబ్బా" అంది.

"ఇంకా రావాలమ్మా."

"రావట్లేదండీ. నొప్పి."

"నాకూ నొప్పేనమ్మా. ఈ ఆప్రాను మోసి మోసి నా నడుమూ పోయింది" అన్నాడు పిక్చరాయన.

"మరి మీరు కొలిపించుకున్నారా?"

"నా బొమ్మ నేనే తీసుకోకూడదట. తీసేవాణ్ణి నేనొక్కణ్ణే. పోనీ, వెనక్కి వంగండి. అదీ రాదా? సరే, ఏం చేస్తాం."

ఇద్దరూ ఒకళ్ల నడుం చూసి ఒకళ్లు జాలిపడ్డారు. తర్వాత ఆయన ఒక మీట నొక్కాడు. సాయంత్రానికి అక్క ఫోనుకు ఫలితం వచ్చింది. "పరీక్షకు వచ్చిన వ్యక్తి సహకరించలేదు."

మర్నాడు దీని భావం కనుక్కోవడానికి కోణాధికారి గారి దగ్గరకు వెళ్లాం. కోణాల మీద ఈ కేంద్రంలో ఆయనదే తుది మాట. ఏళ్ల తరబడి తెరలోకి తొంగి చూడటం వల్ల ఆయన మెడ ముందుకు సాగి, వీపు గుండ్రమై, మొహం మాత్రం ఆయనకంటే ముందే మా దగ్గరకు వచ్చింది.

"మీరు ఒంగలేదమ్మా" అన్నారు.

"ఒంగలేకపోయానండీ."

"ఒంగకపోవడమూ ఒంగలేకపోవడమూ బొమ్మలో ఒకేలా ఉంటాయి. మూడు బొమ్మలూ ఇంచుమించు ఒక్కటే అయితే 'నిటారు'కి కోణం దొరకదు. కోణం లేకపోతే కొలత లేదు. కొలత లేకపోతే నొప్పి లేదు." ఆయన ఇది కోపంగా అనలేదు. తలకు తగలకుండా చూసుకోమని గుమ్మం గురించి చెప్పినట్టు చెప్పారు.

"అంటే నేను ఒంగలేనని చూపించాలంటే..."

"ఒంగి చూపించాలి" అన్నారు కోణాధికారి. "ఇంకోసారి అవకాశం ఇస్తాం. ఈసారి సహకరించండి."

మొగుడు కొట్టినందుకు కాదు గానీ తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత. నడుం నొప్పికి ఒక్కరోజే కళ్లనీళ్లు పెట్టుకున్న మా అక్క 'సహకరించలేదు' అన్న మాటకు దారి పొడుగునా ఏడ్చింది. "నేనా, సహకరించనిది? నేనా? చిన్నప్పటి నుంచీ ఒక్క పరీక్ష తప్పానట్రా నేను?"

ఇక్కడ మా వంశం గురించి ఒక మాట చెప్పాలి. పరీక్ష అన్న మాట వినబడితే చాలు, అది దేని కోసమో మేము అడగం. మార్కులు తెచ్చుకుంటాం. మా నాన్న చక్కెర జబ్బు పరీక్ష చేయించుకుని, కాగితంలో పెద్ద అంకె చూసి, దారిలో కనబడినవాళ్లందరికీ చెప్పుకుంటూ ఇంటికి వచ్చిన మనిషి. అమ్మ కళ్ల పరీక్షకు ముందు రోజు రాత్రి అక్షరాలు బట్టీ పట్టింది. ఆ రక్తమే మాలో ఉంది. పిల్లనిచ్చి తెచ్చుకున్న అల్లుడా, ట్యూషను మాస్టారాయె.

"ఏడవకోయ్" అన్నాడు బావ, ఫోనులో కేంద్రం ఫలితం చూసి. "ఒక్కసారి తప్పితే ఏమైంది? అభ్యాసం కూసు విద్య. రెండోసారి ఫస్టు క్లాసులో వస్తావు."

మర్నాటి నుంచి మా ఇంట్లో నడుం కోచింగు మొదలైంది. బావ గోడ మీద సుద్దముక్కతో కోణాలు గీశాడు. అక్క గోడ పక్కన నిలబడి ఒంగితే తల ఏ గీతను తాకిందో చూసి ఆయన "భేష్" అనో "నిన్నటికంటే తగ్గింది" అనో అనేవాడు. వేణ్నీళ్ల సంచీ పట్టుకోవడం నా వంతు. నేను కూడా ఊరుకోక, తెలిసినవాడిలా సలహాలు చెప్పాను.

"మోకాళ్లు వంచకక్కా, మార్కులు పోతాయి."

"పోయినసారి ఏం అడిగారు?" అన్నాడు బావ.

"ముందుకీ వెనక్కీ ఒంగమన్నారండీ" అంది అక్క, ఒంగే ఉండి.

"ఈసారి పక్కకి అడగొచ్చు. సిలబస్సు దాటి కూడా చూసుకో."

ట్యూషను పిల్లలు కూడా పుస్తకాలు మూసి ప్రోత్సహించేవారు. అక్క పళ్ల బిగువున నొప్పి ఓర్చుకుని, ఒంగి, లేచి, మాత్ర వేసుకుని, మళ్లీ ఒంగేది. ఇంతమందిమి ఉన్నాం కదా, ఇంట్లో ఒక లెక్కల మాస్టారు కూడా ఉన్నాడు కదా, ఈ లెక్క ఎటు పోతోందని ఒక్కరికీ తట్టలేదు.

పరీక్ష రోజు వచ్చింది. అక్క నొప్పి మాత్ర మామూలుకంటే బలమైనది వేసుకుంది. బావ గుమ్మం దాకా వచ్చి "కంగారు పడకు, తెలిసినవి ముందు చెయ్యి" అన్నాడు. నేను దిండు కుర్చీలో కూర్చున్నాను.

"ముందుకి ఒంగండమ్మా" అన్నాడు పిక్చరాయన.

అక్క ఒంగింది. మోకాళ్లు దాటింది, పిక్కలు దాటింది, వేళ్లు నేలను తాకాయి. పిక్చరాయన "అరే!" అని, తన నడుం మీద చెయ్యి తీసేశాడు. వెనక్కి వంగమంటే వెనక గోడ మీద గడియారం తలకిందులుగా చూసి టైము చెప్పింది. అద్దం అవతల క్యూలో ఎవరో చప్పట్లు కొట్టారు. "పక్కకి కూడా చూపించమంటారా?" అని అక్కే అడిగింది.

బయటికి వచ్చాక నా భుజం పట్టుకుని నిలబడిపోయింది. మొహం నిండా చెమట. పై పెదవి మీద పంటి గాటు. "ఎలా చేశాన్రా?" అంది. "అదరగొట్టావక్కా" అన్నాను నేను. మనస్ఫూర్తిగానే అన్నాను, ఇప్పుడు తలుచుకుంటే నా నాలుక కొరుక్కోవాలనిపిస్తుంది.

ఫలితం ఇంట్లో అందరం ఉండగా వచ్చింది. బావ గట్టిగా చదివాడు. "చలనం సర్వోత్తమం!" ట్యూషను పిల్లలు ఈలలు వేశారు. నేను బావకు చెయ్యి అందించాను. బావ పక్కింటివాళ్లకు చెప్పడానికి గుమ్మం దిగబోయాడు. అక్క నేల మీద పడుకునే ఫోను అందుకుని రెండో వాక్యం చదివింది.

"స్టూలు అవసరం లేదు."

ఈలలు ఆగిపోయాయి. ఒక పిల్లాడు మాత్రం ఈల ఆపడం మర్చిపోయాడు, బావ వాడి నెత్తి మీద ఒకటి ఇచ్చాడు.

"ఏమండీ" అంది అక్క కప్పు వైపు చూస్తూ, చాలా నెమ్మదిగా. "ఇది తప్పాల్సిన పరీక్ష కదండీ."

బావ గోడ మీది సుద్ద గీతల వంక చూశాడు. తర్వాత తడిగుడ్డ తెచ్చి వాటిని తుడవడం మొదలుపెట్టాడు. అన్నీ తుడిచేదాకా ఇటు తిరగలేదు.

మళ్లీ కోణాధికారి గారి దగ్గరకు వెళ్లాం. ఈసారి ఆయన మాకు ఎదురొచ్చారు. మెడ ముందు వచ్చింది, ఆయన తర్వాత వచ్చారు. లోపలికి తీసుకెళ్లి తెర మీద అక్క వెన్నెముక చూపించారు. తెల్లటి పూసలు, మూల మూలకూ చుక్క, చుక్కకూ చుక్కకూ గీత.

"చూడండమ్మా, ఈ వంపు చూడండి. ఏ పూస ఎంత కదలాలో అంతే కదిలింది. నా సర్వీసులో ఇలాంటి వెన్నెముక చూడలేదు. చుక్కలవాళ్లూ గీతలవాళ్లూ కలిసి వచ్చి చూసి వెళ్లారు." ఆయన చొక్కా చేతితో తెర మీది దుమ్ము తుడిచారు.

"ఇందులో నొప్పి ఎక్కడుందండీ?" అంది అక్క.

"నొప్పి ఎక్స్‌రేలో పడదమ్మా. ఎముకలు పడతాయి."

"మరి స్టూలు దేన్ని చూసి ఇస్తారు?"

"నొప్పిని చూసి."

అక్క కాసేపు ఆయన్నీ తెరనూ మార్చి మార్చి చూసింది. "బాబూ, నేను మాత్ర మింగి ఒంగానండీ. ఇంట్లో నేర్పారు. మీరు సహకరించమన్నారని కష్టపడి ఒంగాను. నాకు నిజంగా నొప్పండీ. రాత్రి పక్క మీద అటు ఇటు తిరగలేను."

"మీ కష్టం వృథా పోలేదమ్మా" అన్నారు కోణాధికారి, చాలా సౌమ్యంగా. "అసలు శుభవార్త చెప్పనివ్వండి."

ఆ శుభవార్త అర్థం కావాలంటే ఒక సంగతి తెలియాలి. 'నిటారు' ఏ వెన్నెముకనైనా ఒక ప్రామాణిక వెన్నెముకతో పోల్చి తేడా చెబుతుంది. కదలిక దానికంటే తగ్గి తేడా ఎక్కువైతే స్టూలు. కేంద్రం తెరిచిన రోజున ప్రామాణికం కోసం ఎవరి వెన్నెముకా దొరక్క, అక్కడి సిబ్బంది బొమ్మలే తీసి, వాటి సగటును యంత్రానికి నేర్పారు. వారంతా రోజంతా తెరల్లోకి తొంగి చూసేవారు కాబట్టి, గూని ఉంటేనే మామూలు మనిషని యంత్రం నమ్మింది. (అద్దం దగ్గర నిలబడిన ఆ పెద్దాయన నేల వైపు చూస్తూ వచ్చి, అచ్చు ప్రామాణికంలాగే ఉన్నాడని అభినందనలు అందుకుని, నేల వైపు చూస్తూనే ఇంటికి వెళ్లాడట.) పాత ప్రామాణికం మీద విమర్శలు వస్తున్నాయి. కొత్తది కావాలి. అది దొరికింది.

"ఇక మీదట మీదే ప్రామాణిక వెన్నెముక" అన్నారు కోణాధికారి. "ఊళ్లో ప్రతి వెన్నునూ మీ వెన్నుతోనే పోలుస్తాం."

"సంతోషమండీ. నన్ను ఇంకొక్కసారి కొలవండి. ఈసారి మాత్ర వేసుకోను."

"అది కుదరదమ్మా. ప్రామాణిక వ్యక్తిని మళ్లీ కొలవకూడదు. కొలిచి తేడా వస్తే ప్రామాణికం చెడుతుంది. అయినా మిమ్మల్ని దేనితో పోలుస్తాం? మీతోనే కదా. మీకూ మీకూ తేడా సున్నా. సున్నాకి స్టూలు లేదు." ఆయన లేచి నిలబడి, తనకు వీలైనంత నిటారుగా నమస్కారం పెట్టారు.

తర్వాత జరిగింది మీరు ఊహించగలరు. అక్క వెన్నుతో పోలిస్తే ఊళ్లో ఏ వెన్నూ వెన్ను కాదని తేలింది. దుకాణంలో పని చేసేవాళ్లంతా ఒక్కొక్కరే వెళ్లి కొలిపించుకున్నారు. తేడా వచ్చింది. స్టూళ్లు వచ్చాయి. సూట్‌కేసులు మోసే కుర్రాళ్లు కూర్చున్నారు. గుమ్మం దగ్గర సంచులు తనిఖీ చేసే ఆయన కూర్చున్నాడు. పక్క కౌంటరు అమ్మాయి రోజూ పొద్దున్నే పరుగు తీసే మనిషి, ఆ అమ్మాయీ కూర్చుంది.

ఆ అమ్మాయి మంచిది. "అక్కా, కాసేపు నువ్వు కూర్చో, నేను నిలబడతా" అని తన స్టూలు ఇటు జరపబోయింది. మేనేజరు పరుగున వచ్చి ఆపాడు. ఒకరి వెన్నెముకకు మంజూరైన స్టూలు మీద ఇంకొకరి వెన్నెముక కూర్చోకూడదట. "సారీ మేడమ్, నాకూ బాధగానే ఉంది" అన్నాడు తన స్టూలు మీద కూర్చుంటూ.

"పోన్లేరా, వాళ్లయినా కూర్చున్నారు" అంది అక్క ఆ సాయంత్రం, నేల మీద నుంచి. "నా పుణ్యమా అని."

బావ వచ్చి పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. "మానేస్తావా?" అన్నాడు. అడగడం అడిగాడు గానీ, ఈసారి లెక్క తేల్చినట్టు కాదు, బతిమాలినట్టు. అక్క నెల తిరిగేదాకా చూద్దామన్నట్టు కళ్లు మూసుకుంది.

నిన్న నేను సబ్బు కొనే మిషతో దుకాణానికి వెళ్లాను. మధ్యాహ్నం దాటింది. అక్క ఎడమ చెయ్యి నడుం మీద, కుడి చెయ్యి సామాను మీద ఉంచి పని చేస్తోంది. అప్పుడే గోదాము తలుపు తెరుచుకుంది. మేనేజరు నీలం స్టూలు మోసుకొస్తున్నాడు. దుమ్ము లేకుండా తుడిపించాడు, మెరుస్తోంది.

అక్క చూసింది. బిల్లు మధ్యలో ఆగిపోయింది. కాళ్ల దగ్గరున్న సంచుల బుట్టను గబగబా పక్కకు తోసి, స్టూలుకు చోటు చేసింది. అలాంటి సంతోషం నేను అక్క మొహంలో చాలా రోజులుగా చూడలేదు.

మేనేజరు స్టూలును ఆ చోట్లో కాదు, కౌంటరు ముందు పెట్టాడు. అందరికీ కనబడాలి కదా. పెట్టి, చంకలోంచి ఒక అద్దం పటం తీసి, దాని మీద జాగ్రత్తగా నిలబెట్టాడు. కేంద్రంవారు కానుకగా పంపిన అక్క ఎక్స్‌రే అది. కింద బంగారు అక్షరాలతో 'ప్రామాణిక వెన్నెముక. మా ఉద్యోగిని' అని రాయించారు.

"గోడకి మేకు కొట్టాలంటే హెడ్డాఫీసు ఒప్పుకోవాలి మేడమ్" అన్నాడు మేనేజరు. "స్టూలుకైతే వెంటనే ఒప్పుకున్నారు."

అక్క కాసేపు ఆ పటం వంక చూసింది. తర్వాత సంచుల బుట్టను కాలితో మళ్లీ యథాస్థానానికి లాక్కుని, ఆగిపోయిన బిల్లు అందుకుంది. క్యూలో ఉన్నావిడ పటంలోకి వంగి చూసి, "ఎవరిదండీ, ఇంత చక్కగా ఉంది?" అంది.

"నాదేనండీ" అంది అక్క. "ఆ గొడుగు ఇలా ఇవ్వండి."

ఆ విధంగా మా అక్క వెన్నెముకకు స్టూలు మంజూరైంది. అది కూర్చుంది. మిగతా అక్క నిలబడే ఉంది.